హలీం ఎవరిది? వండినోడిదా, విందు ఇచ్చినోడిదా?

రంజాన్ నెల వచ్చిందంటే పాతబస్తీలో పొద్దుగూకే తీరే మారిపోతది. మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ దాకా, షాలిబండ నుంచి బార్కస్ దాకా బట్టీలు మండుతయి. దేగుల్లో గోధుమ, మాంసం, నెయ్యి గంటల తరబడి ఉడుకుతయి. పొడుగాటి కట్టె ఘోట్నీలు పట్టి చెమటలు కారంగ మనుషులు మెదుపుతుంటరు. దాంతోపాటే ఏటేటా ఒక తగువు కూడా ఉడుకుతది. ఈ హలీం ఎవరిది?

నిజాంది అంటరు కొందరు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో అరబ్బుల వెంట వచ్చిందనీ, హద్రమౌత్ మూలాలున్న సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ విందుల్లో పేరుకెక్కిందనీ, 1956లో మదీనా హోటల్ అమ్మకానికి పెట్టిందనీ చెప్పుకుంటరు. మాది అంటది బార్కస్. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం ఫౌజులో కొలువుకొచ్చిన అరబ్బు సిపాయిల బ్యారక్సే నేటి బార్కస్. వాళ్ల హరీసే హలీంకు తల్లి అని వాళ్ల మాట. పుస్తకాలు తిరగేస్తే పదో శతాబ్దపు బాగ్దాద్ వంటల గ్రంథంలో హరీసా ఉంది. పదహారో శతాబ్దం చివర అబుల్ ఫజల్ రాసిన 'ఐనీ అక్బరీ'లో హరీసా, హలీం రెండూ ఉన్నయి. అసఫ్‌జాహీలు దక్కన్‌లో రాజ్యం పెట్టింది 1724లో. అంటే నిజాంలు లేకముందే హలీం ఉంది.

మరి ఈ లెక్కలో గోధుమ దంచిన ఆడమనిషి ఏది? జీవాన్ని కోసి తోలు తీసిన కసాయి ఏడి? రాత్రంతా బట్టీ ముందు నిలబడి ఘోట్నీ తిప్పినోడు ఏడి? విందు ఇచ్చినోడి పేరు చరిత్రకెక్కింది, వండినోడి పేరు పొగలో కలిసింది. ఇది హలీం ఒక్కదాని కథ కాదని మన పాఠకులకు వేరే చెప్పాల్నా?

2010లో హైదరాబాదీ హలీంకు జి.ఐ. గుర్తింపు వచ్చింది. మన దేశంలో ఒక మాంసం వంటకానికి ఈ గుర్తింపు రావడం అదే మొదలు. సంతోషమే. కానీ ఆ కాయితంలో రాసిన షరతులు చదవండి. మేకమాంసమే వాడాలె. మాంసం పది పాళ్లయితే గోధుమ నాలుగు పాళ్లు ఉండాలె. నెయ్యి ల్యాబులో పరీక్షించినదై ఉండాలె. రాగి పాత్రలో కట్టెల పొయ్యి మీద 12 గంటలు ఉడకాలె.

మేక హలీం కొనలేని రిక్షా కార్మికుడు, హమాలీ, కూలీ తల్లి గల్లీలో ఏం తింటున్నరు? పెద్దమాంసం హలీం. అదే బట్టీ, అదే ఘోట్నీ, అదే చెమట. కాయితం లెక్కన మాత్రం అది 'హైదరాబాదీ హలీం' కాదు! బీదోడి గిన్నెకు ఊరి పేరు కూడా దక్కలేదు.

ఒక మాట గమనించండి. పాతబస్తీ ముస్లిం 'బడే కా గోష్' అంటడు. మన వాడల్లో 'పెద్దకూర' అంటం. భాషలు రెండు, మాట ఒక్కటే. ఆ మాటను రెండు గల్లీల్లోనూ గొంతు తగ్గించే పలుకుతరు. బడిలో "నిన్న ఏం కూర?" అని అడిగితే పిల్లలు పప్పు అని గట్టిగ చెప్తరు. పెద్దకూర తిన్న పిల్ల తల దించుకుంటది. చదువుకునే రోజుల్లో మేమూ పప్పు అనే చెప్పినం. ఆ అబద్ధం మాకు నేర్పింది ఎవరు?

సముద్రాల అవతల స్కాట్లండ్ ఉంది. గొర్రె గుండె, కార్జం, ఊపిరితిత్తులు తరిగి, ఓట్లు, ఉల్లిగడ్డ కలిపి, గొర్రె పొట్టలో కూరి ఉడికిస్తరు. పేరు హాగిస్. మన బోటీకూరకు చుట్టమే. 1786లో వాళ్ల కవి రాబర్ట్ బర్న్స్ దాని మీద కవిత రాసిండు. అది జాతి వంటకమైంది. 2009లో కేథరిన్ బ్రౌన్ అనే చరిత్రకారిణి 1615 నాటి ఇంగ్లీషు పుస్తకంలో ఆ వంటకం ఉందని చూపి, అది ఇంగ్లండుదే అన్నది. పెద్ద తగువైంది. చూసిండ్రా? అక్కడ పేగూ పొట్టా మాదంటే మాదని కొట్లాడుతున్నరు. ఇక్కడ మాది కాదని దాచుకుంటున్నం.

ఎందుకు దాచుకుంటున్నమో బాబాసాహెబ్ అంబేడ్కర్ 1948లోనే అంటరానివారి పుట్టుక మీద రాసిన పుస్తకంలో చెప్పిండు. గొడ్డుమాంసం తినడానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని విప్పి చూపిండు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ పండుగ చేస్తే దాడులు, గొడవలు జరిగినయి. ఆ ముడి ఇంకా తెగలేదన్నమాట.

హలీం ఎవరిదో తేల్చే పని మాకు వద్దు. అరబ్బు తెచ్చినా, మొగల్ తిన్నా, నిజాం మెచ్చినా, దాన్ని నిలబెట్టింది వండిన చేతులు. కార్యకర్తలకు మా మనవి ఒక్కటే. మీ వాడలో, మీ గల్లీలో ముసలమ్మల దగ్గర కూర్చోండి. బోటీ ఎట్ల కడిగేది, నల్ల ఎట్ల వండేది, ఎండబెట్టిన తునకలు ఎట్ల దాచేది అడగండి. వాళ్ల పేర్లతో సహా రాసి పెట్టండి. మనం రాయకపోతే రేపు ఏ నవాబు పేరో, ఏ హోటల్ పేరో దాని మీద ఎక్కుతది. రేపు బడిలో మన పిల్ల తల ఎత్తి "పెద్దకూర" అని చెప్పాలె. అదే మనకు అసలు గుర్తింపు.

జై భీమ్!