జాతరకు పోదాం, తెలివిగా తిరిగొద్దాం

రబీ కోతలు చాలాచోట్ల ముగిశాయి. ధాన్యం ఇంకా తూకం కాక కొనుగోలు కేంద్రాల్లో పడిగాపులు కాస్తున్నవారు ఉన్నా, మృగశిర కార్తె దాకా పొలంలో పెద్ద పని లేదు. ఏడాదంతా సెలవు ఎరగని రైతుకూ, కూలికీ దొరికే తెరిపి ఈ కొద్ది వారాలే. మన పెద్దలు ఈ తెరిపి చూసుకునే చాలా జాతరలు, తిరునాళ్ళు పెట్టుకున్నారు. చైత్రంలో ఊరూరా శ్రీరామనవమి పందిళ్ళు, వైశాఖంలో కొండగట్టు పెద్ద హనుమాన్ జయంతి, మే నెలలో తిరుపతి, కుప్పం గంగమ్మ జాతరలు. వీటి నడుమ పత్రికల్లో పేరు కనపడని గ్రామదేవతల కొలుపులు ఎన్నో.

సరిగ్గా ఈ రోజుల్లోనే మనకు ఉపదేశాలూ మొదలవుతాయి. రైతులు జాతరలకూ పెళ్ళిళ్ళకూ దుబారా చేసి అప్పులపాలవుతున్నారని చెప్పేవారికి కొదవ లేదు. లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. కేంద్ర ప్రభుత్వమే 2019లో చేయించిన జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93, తెలంగాణలో నూటికి 91కి పైగా సేద్యపు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. కుటుంబానికి సగటు అప్పు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 2.45 లక్షల రూపాయలు, తెలంగాణలో సుమారు 1.52 లక్షలు. జీళ్ళు కొన్నందుకు, పిల్లల్ని రంగులరాట్నం ఎక్కించినందుకు ఇంత అప్పు పేరుకోదు. కౌలు పెరిగింది, ఎరువు పెరిగింది, మందు పెరిగింది, పంటకు మాత్రం గిట్టుబాటు ధర రాలేదు. బ్యాంకు గడప తొక్కనివ్వని కౌలురైతు నూటికి మూడు రూపాయల వడ్డీకి వెళ్ళాడు. అప్పు అక్కడ పుట్టింది.

కాబట్టి జాతర మానుకోమని మనం ఎవరికీ చెప్పం. వెళ్దాం, కడుపునిండా ఆనందిద్దాం. అయితే ఒక సంగతి మరిచిపోవద్దు. జాతర అంటే మొదటి నుంచీ సంత కూడా. మన చేతిలో పంట డబ్బు నాలుగు రూపాయలు ఆడే వేళ ఇదేనని మనకంటే బాగా తెలిసినవారు అక్కడ కాచుకుని ఉంటారు. వాళ్ళు ఏడాది ముందు నుంచీ సిద్ధపడి వస్తారు. మనమూ కొంచెం సిద్ధపడి వెళ్ళాలి.

ముందుగా విత్తనం సంగతి. ఇప్పుడు తిరునాళ్ళ మైదానం పక్కన గాజుల కొట్లతో పాటు విత్తన ప్రచార వాహనాలూ ఆగుతున్నాయి. మైకు, టోపీ, టీషర్టు, లక్కీ డ్రా కూపన్. ఆ హోరులో అడ్వాన్సు కట్టి వచ్చేవాళ్ళు ఉన్నారు. సమాచారం తీసుకోండి, కాగితం ఇస్తే దాచుకోండి, డబ్బు మాత్రం అక్కడ కట్టవద్దు. విత్తనం లైసెన్సు ఉన్న కొట్టులోనే, బిల్లు తీసుకునే కొనాలి. ధ్రువీకరించిన విత్తనం సంచికి నీలి రంగు ట్యాగు ఉంటుంది. ట్యాగు మీద లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ, గడువు చూడండి. మొలక శాతం వరికి కనీసం 80, కందికి, పెసరకు 75, వేరుశనగకు, సోయాకు 70 ఉండాలి. ఇంటికి తెచ్చాక నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి ఉంచితే వారం రోజుల్లో నిజం తెలిసిపోతుంది. గడ్డిమందు కొట్టినా చావదని గుట్టుగా చేతిలో పెట్టే పత్తి ప్యాకెట్లకు దేశంలో అనుమతే లేదు. వాటికి బిల్లు ఇవ్వరు, మొలవకపోతే అడిగే దిక్కూ ఉండదు.

బిల్లు ఎందుకు అంత ముఖ్యమో మన రైతులే దేశానికి చూపించారు. నాసిరకం విత్తనం వల్ల నష్టపోయిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారుల ఫోరానికి వెళ్తే, రైతు వినియోగదారుడు కాడని అవతలివారు వాదించారు. 2012లో సుప్రీంకోర్టు ఆ వాదన చెల్లదని, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మనకు పనికి రావాలంటే బిల్లు, ఖాళీ సంచి, ట్యాగు పంట చేతికొచ్చేదాకా ఇంట్లో ఉండాలి.

అసలు ప్రతిసారీ కొనాల్సిన పనే లేదు. వరి, కంది, పెసర, వేరుశనగల్లో సూటి రకాలు వేసేవారు మంచి చేను చూసి విత్తనం కట్టుకోవచ్చు. 2001లో వచ్చిన మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం 39వ సెక్షన్ రైతుకు తన విత్తనాన్ని దాచుకునే, విత్తుకునే, ఇచ్చిపుచ్చుకునే, అమ్ముకునే హక్కు ఇచ్చింది. రక్షిత రకాన్ని బ్రాండు పేరుతో అమ్మకూడదు, అంతే. ఇచ్చిపుచ్చుకోవడానికి జాతరకు మించిన చోటేది? జహీరాబాద్ ప్రాంతపు మహిళా రైతులు పాత పంటల జాతర పేరుతో ఎడ్లబళ్ళ మీద చిరుధాన్యాలు, పప్పుల విత్తనాలు ఊరూరా తిప్పుతున్నారు. అది సంక్రాంతికి మొదలయ్యే జాతర. ఆ పద్ధతిని మన ఎండాకాలపు తిరునాళ్ళకు తెచ్చుకోవడానికి అడ్డమేమీ లేదు. ఒక బల్ల, పది డబ్బాలు, ఏ విత్తనం ఏ నేలకు నప్పుతుందో చెప్పగల ఇద్దరు పెద్దమ్మలు ఉంటే చాలు. విత్తనం కట్టేది ఎక్కువగా ఆడవాళ్ళే కనుక ఆ బల్ల దగ్గర పెత్తనం వాళ్ళకే వదలాలి.

రెండోది పశువులు. జాతరతో కలిసి పశువుల సంత జరిగే చోట గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని బేరమాడే దళారులు ఇంకా ఉన్నారు. ఆ వేళ్ళ లెక్క కొన్నవాడికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. మధ్యలో ఎంత పోయిందో దళారికే తెలుసు. ధర నోటితో చెప్పమనండి, చీటీ రాయించుకోండి. పళ్ళు మీరే పట్టి చూడండి. రెండు పళ్ళు వేసిందంటే సుమారు రెండు, రెండున్నరేళ్ళు, ఎనిమిది పళ్ళు నిండితే అయిదేళ్ళకు అటూ ఇటూ. పాడి పశువైతే ఒక పూట పాలు మీ ఎదుటే పిండించి చూడాలి. గాలికుంటు టీకా ఎప్పుడు వేయించారో అడగండి. ఇంటికి తెచ్చాక మూడు వారాలు మిగతా పశువులకు దూరంగా కట్టేయడం మంచిది. ఎండలో తోలుకురావద్దు, తెల్లవారుజామునో చల్లబడ్డాకో బయలుదేరండి.

ఉమ్మడి రాష్ట్రంలో 1966లో చేసిన మార్కెట్ల చట్టం పేరులోనే వ్యవసాయ ఉత్పత్తులతో పాటు పశుసంపద కూడా ఉంది. అయినా చాలా పశువుల సంతల్లో నీళ్ళ తొట్టి లేదు, నీడ లేదు, పశువైద్యుడు కనపడడు. రుసుము వసూలు చేసేవారు మాత్రం వేళకు వస్తారు. ఇది అడగాల్సిన విషయం.

ఆశీలు సంగతీ అంతే. పంచాయతీ పాట పెడుతుంది, ఒకరు పాడుకుంటారు, పాడుకున్న సొమ్ము చిన్నవాళ్ళ దగ్గర రాబట్టుకుంటారు. రెండు బుట్టల మామిడికాయలు, ఒక గంప మల్లెపూలు తెచ్చుకున్న రైతు దగ్గర పెద్ద కొట్టువాడితో సమానంగా గుంజుతున్న చోట్లున్నాయి. మన డిమాండు చిన్నదే. ఏ సరుకుకు ఎంతో రాసిన బోర్డు మైదానం మొగదల కట్టాలి. డబ్బు తీసుకుంటే రశీదు ఇవ్వాలి. సొంత పంట తెచ్చి అమ్ముకునే రైతుకు ఆశీలు మాఫీ చేయాలి. పాట జరగకముందే గ్రామసభలో ఈ తీర్మానం చేయించుకుంటే గొడవ ఉండదు. జాతర రోజున కాంట్రాక్టరు మనుషులతో వాదులాడితే పండగ పాడవడం తప్ప ప్రయోజనం లేదు.

ఇక ఆనందం మాట. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలు, వలస వెళ్ళి నాలుగు రోజులకోసం తిరిగొచ్చిన కుర్రాళ్ళు, ఏడాదికోసారి కలిసే వియ్యాలవారు, వీళ్ళందరినీ ఒకచోట చేర్చేది జాతరే. పక్క మండలంలో ఏ రకం ఎలా పండింది, ఏ మిల్లువాడు తరుగు ఎంత తీస్తున్నాడు, ఎక్కడ బోరు ఎంత లోతున పడింది, ఇవన్నీ అక్కడి మర్రిచెట్టు కింద తెలిసినంత బాగా ఏ ఫోనులోనూ తెలియవు. కొడవలి, పలుపు, మువ్వలు, చేట చూసి బేరమాడి కొనడం కూడా ఒక సంబరమే. బుర్రకథ, హరికథ, వీధినాటకం చెప్పేవారిని పిలిపించండి. డప్పు కొట్టేవారికి ఆచారం పేరుతో ఊరికే చాకిరీ చేయించకుండా ముందే మాట్లాడుకున్న కూలి ఇవ్వండి. బండలాగుడు పెడితే రోజూ అరక కట్టే సేద్యపు ఎడ్లకు వేరే విభాగం, మంచి బహుమతి పెట్టండి. ముల్లుకర్ర పొడుపులు లేకుండా ఎద్దు బలం చూడటంలోనే ముచ్చట ఉంది.

గుండాట దగ్గర మాత్రం నిలబడవద్దు. అక్కడ గెలిచేది బోర్డు పరిచినవాడే. ఇంట్లో కూర్చుని జాతర ఖర్చు ఇంత అని ఆలుమగలు కలిసి అనుకుని, విత్తనాల డబ్బు ఇంట్లో పెట్టి వెళ్తే సగం చిక్కు తీరినట్టే.

మన సంఘం శాఖలకు ఒక సూచన. ఈ ఎండాకాలం మీ దగ్గరి జాతరలో సంఘం పేరుతో ఒక చలివేంద్రం పెట్టండి. కుండనీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ. పక్కనే విత్తనాల బల్ల. ఇంకోపక్క చదువుకున్న పిల్లలు ఇద్దరు కూర్చుని దరఖాస్తులు రాసిపెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి చట్టం ప్రకారం ఇచ్చే సాగుదారు హక్కు పత్రం గురించి తెలియని కౌలురైతులు ఇంకా ఉన్నారు. ఆడవాళ్ళకు మరుగుదొడ్లు, తాగునీరు, రాత్రి దీపాలు కావాలని నిర్వాహకులకు వారం ముందే అర్జీ ఇవ్వండి. సభలు పెట్టి పిలిస్తే రానివారు దాహమేసి వస్తారు, వచ్చినవారితో మాట కలుస్తుంది.

రోహిణి ఎండలు పోయి తొలకరి పడితే మళ్ళీ మనకు తల ఎత్తే తీరిక ఉండదు. ఈలోపు పిల్లల్ని, పెద్దల్ని వెంటబెట్టుకుని జాతరకు పోదాం. వచ్చేటప్పుడు పిల్లల చేతిలో జీళ్ళ పొట్లం ఉండాలి, మన సంచిలో పిడికెడు మంచి విత్తనం ఉండాలి, కొత్త అప్పు మాత్రం ఉండకూడదు.