ముసలివాళ్ల మూలుగు వినేదెవరు?

గేదె మేత మానేసినా, నెమరు వేయకపోయినా, ఒక కాలు ఎత్తిపెట్టి నిలబడినా దానికేదో బాధ ఉందని మన రైతు ఇట్టే పసిగడతాడు. నోరులేని జీవమని జాలిపడి, పని మానుకుని పశువుల ఆసుపత్రికి తోలుకుపోతాడు. అదే ఇంటి వసారాలో కుక్కి మంచం మీద ముసలమ్మ అన్నం ముట్టక, రాత్రంతా మూలుగుతూ, ఎవరైనా చెయ్యి వేస్తే కసురుకుంటూ ఉంటే మాత్రం "ముసలితనం వచ్చింది, మతి తప్పింది" అని ఒక్క మాటలో తేల్చేస్తాం. ఆమెకు ఎక్కడ నొప్పెడుతోందో చూద్దామన్న ఆలోచన ఎవరికీ రాదు.

పద్మనాభం, ఆనందపురం, భీమిలి వైపు పల్లెల్లో పగటిపూట తిరిగి చూస్తే వీధి అరుగుల మీద కనిపించేది ఎక్కువగా ముసలివాళ్లే. వయసులో ఉన్నవాళ్లు తెల్లారగానే గాజువాక, మధురవాడ, పరవాడ వైపు పనులకు ఆటోలెక్కి వెళ్లిపోతారు. ఈ అరుగుల మీద కూర్చున్నవాళ్లు ఊరికే ముసలివాళ్లయిపోలేదు. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసేనాటికి ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆ కర్మాగారం కోసం మట్టి తవ్వినవాళ్లు, ఇనుప చువ్వలు మోసినవాళ్లు, రేవులో బస్తాలెత్తినవాళ్లు, 2009లో మూతపడే వరకు చిట్టివలస జూట్ మిల్లులో నిలుచుని పనిచేసినవాళ్లు, బతుకంతా వంగి ఊడ్పులు ఊడ్చిన ఆడవాళ్లు వీళ్లే. ఆ మోకాళ్లు, ఆ నడుములు, ఆ భుజాలు ఇవాళ ఊరుకుంటాయా?

అయినా అడిగి చూడండి. "ఏటీ నేదు బాబూ, బాగానే ఉన్నాను" అంటారు. ఇందులో కొంత మొహమాటం, కొంత భయం ఉన్నాయి. నొప్పి అంటే ఆసుపత్రి, ఆసుపత్రి అంటే కొడుక్కి ఒకరోజు కూలి పోవడం, ఆటో కిరాయి, చివరికి కోడలి చేత మాట పడటం. వయసు మళ్లాక నొప్పి మామూలేనన్న నమ్మకం మరికొంత. ఈ నమ్మకం ఇంట్లోవాళ్లకే కాదు, కొందరు వైద్యులకూ ఉంది. "ఈ వయసులో అంతేనమ్మా" అన్న మాట ఎన్ని ఓపీ చీటీల వెనక వినలేదు? వయసు వల్ల కీళ్లు అరిగే మాట నిజమే. కానీ వయసు దానంతటదే నొప్పి కాదు. ప్రతి నొప్పికీ ఒక చోటూ ఒక కారణమూ ఉంటాయి. చాలా వాటికి ఎంతో కొంత ఉపశమనమూ ఉంటుంది.

అడిగే తీరులోనూ లోపముంది. పట్టణం డాక్టరు "సున్నా నుంచి పది వరకు లెక్కేస్తే నీ నొప్పి ఎంత?" అని అడుగుతాడు. ఇది ప్రపంచమంతటా వాడే కొలతే, తప్పు లేదు. కానీ బడి మొహం చూడని ముసలమ్మకు ఆ లెక్క ఏం తెలుస్తుంది? మన పల్లెల్లో ఎప్పటినుంచో ఒక కొలత ఉంది. "రూపాయికి పావలా తగ్గింది", "అర్ధరూపాయి తగ్గింది", "ముప్పావలా నయమైంది" అని రోగులే చెబుతుంటారు. ఆ లెక్కలోనే అడిగితే ఏం పోయింది? పావలా నొప్పా, అర్ధరూపాయా, నిండు రూపాయా అంటే ముసలివాళ్లు క్షణం ఆలోచించి సరిగ్గా జవాబిస్తారు. రేపు మందు వేశాక ఎంత తగ్గిందో అదే లెక్కలో చెబుతారు.

మాట కూడా చూసుకోవాలి. "నొప్పి ఉందా?" అంటే లేదన్న మనిషే "కాలు లాగుతోందా?" అంటే అవునంటుంది. మనకు ఒక్క నొప్పి కాదు ఉన్నది. సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు, పీకుడు వేరు, తిమ్మిరి వేరు, పట్టేయడం వేరు. డాక్టరుకు ఈ తేడాలు చాలా పనికొస్తాయి. అరికాళ్లలో మంట, తిమ్మిరి అన్నవి చక్కెర జబ్బు వల్ల నరాలు దెబ్బతిని రావచ్చు. నడిస్తే పెరిగి కూర్చుంటే తగ్గే మోకాలి నొప్పి కీళ్ల అరుగుదల కావచ్చు. రోగి నోట వచ్చిన మాటను ఆ ఇంటివాళ్లు "ఒంటి నొప్పులండీ" అని ఒకే ముద్ద చేసి చెప్పేస్తే ఆ ఆచూకీ పోతుంది.

నోరు విప్పి చెప్పగలవాళ్ల సంగతే ఇలా ఉంటే, మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ల సంగతి ఏమిటి? డాక్టర్లు డిమెన్షియా అనే ఈ జబ్బు పట్నవాసుల జబ్బని మనవాళ్లలో ఒక అపోహ. మన దేశంలో అరవై దాటినవారిపై జరిపిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వారిలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని అంచనా. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో, పట్టణాల్లో కంటే పల్లెల్లో ఎక్కువని తేలింది. మనం దీన్ని జబ్బు అనుకోం. చాదస్తమంటాం, గాలి సోకిందంటాం.

ఈ జబ్బులో ముందు పోయేది జ్ఞాపకం. తరువాత మాట. నొప్పి తెలియడం మాత్రం పోదు. నొప్పిపై పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పికి నిర్వచనాన్ని సవరిస్తూ, మనిషి మాటల్లో చెప్పలేకపోయినంత మాత్రాన అతనికి నొప్పి లేదనడానికి వీల్లేదని స్పష్టం చేసింది. శాస్త్రం ఈ మాట చెప్పవలసి వచ్చిందంటే లోకంలో జరుగుతున్నది వేరు అన్నమాటే. అమెరికాలోని న్యూయార్క్‌లో తుంటి ఎముక విరిగినవారిపై ఒక పరిశీలన జరిగి, 2000లో అచ్చయింది. మతి బాగున్నవారికి ఇచ్చిన మార్ఫిన్ తరహా నొప్పి మందులో మూడోవంతు మాత్రమే మతిమరుపు ముదిరినవారికి అందిందని అందులో తేలింది. విరిగింది అదే ఎముక. అడిగే నోరు లేదు, అంతే తేడా. అన్ని హంగులూ ఉన్న దేశంలోనే ఇలా జరిగితే మన వసారాల్లో ఏం జరుగుతోందో ఊహించుకోవచ్చు.

ఊహ కూడా అక్కరలేదు. పింఛన్ల వార్త కోసం ఒక ఊరు వెళ్లినప్పుడు అక్కడివాళ్లు ఒక ముసలమ్మ సంగతి చెప్పారు. మనుషుల్ని పోల్చుకోలేని స్థితి. ఉన్నట్టుండి స్నానం చేయించబోతే కోడల్ని కొట్టడం, గోకడం, అరవడం మొదలుపెట్టిందట. దెయ్యమన్నారు, అంత్రం కట్టించారు. తగ్గకపోతే ఎవరో నిద్రమాత్రలు తెచ్చిచ్చారు. ఆమె మత్తుగా పడుకుంటే ఇల్లు ప్రశాంతమైందనుకున్నారు. మూడు వారాల తరువాత మంచం మీంచి దింపుతుంటే ఒక కాలు పొట్టిగా, పక్కకు తిరిగి ఉందని పొరుగావిడ గమనించింది. ఎక్స్‌రేలో తుంటి విరిగి ఉంది. ఎప్పుడు పడిందో ఎవరికీ తెలియదు. కోడలు కాలు ఎత్తి నీళ్లు పోసినప్పుడల్లా ఆమె పడిన యాతన తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఇందులో కోడలిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. రోజూ మలమూత్రాలెత్తేది ఆమె. ఆదివారం బత్తాయిలు పట్టుకొచ్చి, గుమ్మంలో నిలబడి "అమ్మ బాగానే ఉందిగా" అని వెళ్లిపోయే కొడుకులను ఎవరూ ఏమీ అనరు.

నోరులేని నొప్పిని కొలవడానికి వైద్యులు పద్ధతులు కనిపెట్టారు. 2003లో అమెరికాలో తయారైన ఒకటి మన ఇళ్లలోనూ పనికొచ్చేంత తేలిక. ఐదు సంగతులు చూడాలి. ఊపిరి మామూలుగా ఉందా, ఎగపోస్తోందా. మూలుగు, ఏడుపు, అరుపు ఉన్నాయా. ముఖం ప్రశాంతంగా ఉందా, నుదురు ముడిపడి పళ్లు బిగబట్టి ఉందా. ఒళ్లు వదులుగా ఉందా, పిడికిళ్లు బిగించి, మోకాళ్లు ముడుచుకుని, చెయ్యి వేస్తే తోసేస్తోందా. పలకరించి నిమిరితే ఊరుకుంటుందా, ఎంత బుజ్జగించినా ఊరుకోదా. ఒక్కో దానికి సున్నా, ఒకటి, రెండు అని మార్కులు. మొత్తం పది. వచ్చిన అంకె కంటే, నిన్నటికీ ఇవాళ్టికీ, మందుకు ముందూ తరువాతా ఎంత మారిందన్నది ముఖ్యం.

మనిషి కదలకుండా పడుకున్నప్పుడు చూసి బాగుందనుకోకూడదు. పక్కకు తిప్పేటప్పుడు, కూర్చోబెట్టేటప్పుడు, బట్ట మార్చేటప్పుడు, స్నానానికి లేపేటప్పుడు చూడాలి. చాలా నొప్పులు అప్పుడే బయటపడతాయి. ఇంకొక సంగతి, కొందరు అరవరు. ఒకప్పుడు వాగుడుకాయగా ఉన్న మనిషి మూగనోము పట్టడం, తిండి తగ్గడం, నిద్ర లేకపోవడం, నడిచే మనిషి నడక మానేయడం కూడా నొప్పి గుర్తులే. ఆ మనిషి మామూలు తీరేమిటో ఇంట్లోవాళ్లకు తెలిసినంతగా ఏ డాక్టరుకూ తెలియదు. జబ్బు ఇంకా ముదరనివాళ్లయితే తప్పకుండా వాళ్లనే అడగాలి. ఎదురుగా కూర్చుని, చెవిటితనం ఉంటే గట్టిగా, "ఇక్కడ నొప్పా?" అని చేత్తో తాకి అడిగి, జవాబుకు కాస్త టైమివ్వాలి. నిన్న ఎలా ఉందని అడిగితే చెప్పలేరు. ఇప్పుడు ఎలా ఉందంటే చెప్పగలరు.

గుర్తులు కనబడగానే నొప్పేనని కొట్టిపడేయకూడదు కూడా. దాహం, ఆకలి, చలి, భయం వల్లా ముసలివాళ్లు గోల చేస్తారు. మలబద్ధకం, మూత్రం బిగబట్టడం, జ్వరం ఉన్నాయేమో చూడాలి. నోట్లో పుచ్చిన పన్ను, కట్టుడు పళ్ల కింద పుండు, నడుం కింద పడక పుండు, కాలి వేళ్ల మధ్య పుండు, ఒంటి మీద సర్పి పొక్కులు ఉన్నాయేమో దీపం వేసి చూడాలి. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి ఉన్నట్టుండి తికమకపడిపోయినా, పడ్డాక కాలు కదపలేకపోయినా రేపు చూద్దామనకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇక మందులు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళితే సూదిమందు, మెడికల్ షాపుకు వెళితే నొప్పి మాత్రల పొట్లం. డైక్లోఫెనాక్ వంటివి ముసలివాళ్లకు కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు చేటు తేవచ్చు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం. సాధారణంగా డాక్టర్లు ముందు వాడేది పారాసెటమాలే. దానికీ బరువును బట్టి, లివరును బట్టి మోతాదు ఉంటుంది. అడగకుండా వేయకూడదు. నిద్రమాత్ర నొప్పిని తగ్గించదు, మూలుగును ఆపుతుంది. పైగా మత్తులో లేచి పడిపోయే ప్రమాదం ఒకటి. నార్వే దేశంలో మతిమరుపుతో పాటు చిరాకు, గొడవ ఎక్కువగా ఉన్న 352 మంది వృద్ధులపై ఒక పరీక్ష జరిపి 2011లో ప్రకటించారు. వారిలో కొందరికి ఒక క్రమం ప్రకారం నొప్పికి మందులిచ్చారు. ఎక్కువమందికి ఇచ్చింది పారాసెటమాలే. ఎనిమిది వారాల్లో వాళ్ల గొడవ 17 శాతం తగ్గింది. చాదస్తమనుకున్న దానిలో కొంత నొప్పేనని దీని అర్థం.

ప్రభుత్వం ఖర్చు లేకుండా చేయగల పని ఒకటుంది. 104 వాహనం వచ్చినా, ఊళ్లో ఆరోగ్య కేంద్రంలోనైనా ముసలివాళ్లకు బీపీ చూస్తారు, షుగరు చూస్తారు, పుస్తకంలో రాస్తారు. ఆ గడుల పక్కన నొప్పికి ఒక గడి ఎందుకు ఉండకూడదు? ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు పై ఐదు సంగతులు ఒక పూటలో నేర్పవచ్చు. మంచం పట్టినవాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు ఒకసారి పక్కకు తిప్పి చూడమని చెప్పవచ్చు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృద్ధులకు విడిగా క్యూ ఉండాలని అందులో ఉంది. విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి దాకా రెండు బస్సులు మారి వచ్చిన ముసలివాళ్లకు ఆ క్యూ ఎక్కడుందో అడిగే హక్కుంది. తోడెళ్లినవాళ్లు అడగాలి. 14567 నంబరుకు ఫోను చేస్తే వృద్ధుల విషయంలో సలహా ఇస్తారు. ఇది దేశమంతటికీ ఉన్న ఉచిత లైను.

డాక్టరు గదిలోకి వెళ్లాక మన వంతు పని ఒకటుంది. గోడకు వేలాడే క్యాలెండరు మీద పాల లెక్క రాసుకుంటాం, చాకలి పద్దు రాసుకుంటాం. అదే గడిలో "రాత్రి రెండుసార్లు అరిచింది, ఎడమ పక్కకు తిప్పితే", "స్నానం అప్పుడు నుదురు ముడిచింది", "మాత్ర వేశాక గంటకు అన్నం తిన్నది" అని రాయడానికి పెన్సిలు ముక్క చాలు. డాక్టరుకు ఒక్కో రోగికి దొరికేది రెండు మూడు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ముసలమ్మ నోరు విప్పదు, కొడుక్కి ఏదీ గుర్తుండదు. డాక్టరు అడిగినా అడగకపోయినా ఆ క్యాలెండరు కాగితం చింపి తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాలి.