మేలైన బ్రతుకునకు కొలత

మంజీర సీమలోని బిచ్కుంద పరిసరములవారికి చెఱకు ఎఱుగని పైరు కాదు. ఆ చెఱకు తోటలే ఆంగ్లేయుల పాలనలో కోస్తా తెలుగువారిని ఒప్పంద కూలీలుగా రెండు ద్వీపదేశములకు గొనిపోయెను. మారిషస్‌కు వారు 19వ శతాబ్దముననే చేరిరి. ఫిజీకి 1903 మొదలుకొని పోయిరి. మారిషస్ 1968లోను, ఫిజీ 1970లోను స్వాతంత్ర్యము పొందెను. నేడు ఏ దేశమున బ్రతుకు మేలైనది?

వైశాల్యమున ఫిజీ మారిషస్‌కు సుమారు 9 రెట్లు. కాని అచటి భూమిలో అధికభాగము మూలవాసులది, దానిని విక్రయింపరాదు. తమ నేల తమకు దక్కవలెనను వారి కోరిక న్యాయమైనదే. అయినను కౌలు గడువు తీరగా పెక్కురు భారతీయ రైతులు పొలమును, ఇంటిని వీడవలసివచ్చెను. 1987, 2000 సంవత్సరముల తిరుగుబాట్లు వారి భయమును పెంచెను. వేలకొలది కుటుంబములు పరదేశములకు తరలిపోయెను.

మారిషస్‌లోను భూమి చాలవఱకు పెద్ద తోటల యజమానులదే. 1968లోను, 1999లోను అచట కలతలు రేగెను. కాని ప్రభుత్వములు ఎన్నికలచేతనే మాఱినవి. 1977 నుండి మాధ్యమిక విద్య ఉచితమగుటచే కూలివాని బిడ్డకును ఉన్నత పదవులకు త్రోవ యేర్పడెను. పాఠశాలలలో తెలుగు నేర్పుచున్నారు. ఉగాది అచట ప్రభుత్వ సెలవుదినము.

కావున మారిషస్ బ్రతుకే మేలనవలెను. 2022లో ఫిజీయందును ఎన్నికలచేత ప్రభుత్వము మాఱుట శుభసూచకము. విశాలమైన నేల కాదు, తన బిడ్డ ఇచటనే నిర్భయముగా బ్రతుకగలడని తండ్రికి కలుగు నమ్మకమే మేలైన బ్రతుకునకు కొలత.