గ్లిజరిన్ మంచిదే, పూసే పద్ధతి తెలిస్తే!

సంక్రాంతికి ముందు మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు తెల్లవారుజాము చలి ఎలా ఉంటుందో అక్కడి వారికి చెప్పనక్కరలేదు. సముద్రమట్టానికి 600 మీటర్లకు పైబడి ఎత్తున ఉన్న ఊళ్ళాయె! చలికి తోడు పొడిగాలి. చేతిని గోటితో గీరితే తెల్లని గీత పడుతుంది. పెదవులు చిట్లుతాయి, మడమలు పగులుతాయి. ఆ రోజుల్లో ఓ.పి.లో తరచు వినిపించే మాట ఇది: “గ్లిజరిన్ పూసినా సార్, ఇంకా ఎండిపోయె. మంట కూడా పుడుతోంది. అది నాకు పడదా?”

చాలా మంది విషయంలో తప్పు గ్లిజరిన్‌ది కాదు, పూసే పద్ధతిది.

గ్లిజరిన్ నూనె కాదు. నీటిని ఆకర్షించి పట్టి ఉంచే చిక్కని ద్రవం. వానాకాలంలో మూత పెట్టని బెల్లం చెమర్చడం మీరు చూసే ఉంటారు. గ్లిజరిన్ గుణమూ అటువంటిదే. గాలిలో తేమ ఉంటే అక్కడి నుంచి గ్రహిస్తుంది. గాలి పొడిగా ఉన్నప్పుడు నీరు కలపకుండా పూస్తే చర్మం లోపలి పొరల నీటినే పైకి లాగుతుంది. ఆ నీరు కాస్తా ఆవిరైపోతుంది. ఖరీదైన సీరమ్‌లలో ఉండే హైలురోనిక్ యాసిడ్ కూడా నీటిని పట్టి ఉంచేదే కనుక దానికీ ఈ జాగ్రత్త అవసరం.

మరి ఎలా పూయాలి? ఒక చెంచా గ్లిజరిన్‌లో మూడు చెంచాల కాచి చల్లార్చిన నీరు గాని, పన్నీరు గాని కలపండి. ఏ రోజుకారోజు కలుపుకోవడం మేలు. స్నానం కాగానే ఒళ్ళు పొడి పొడిగా తుడవక, తడి ఆరకముందే పూయండి. దానిపైన కొబ్బరినూనె గాని వాసెలిన్ గాని పలుచగా రాయండి. లోపలి తేమ బయటికి పోకుండా అది మూతలా పనిచేస్తుంది.

మన చర్మంలో సహజంగానే కొంత గ్లిజరిన్ ఉంటుంది. అందువల్ల పైపూతగా ఇది చాలా మందికి సురక్షితం. అయినా కొన్ని జాగ్రత్తలు తప్పవు.

సీసాపై ‘ఐ.పి.’ అన్న గుర్తు చూసి మందుల షాపులోనే కొనండి. పరిశ్రమలకు వాడే సరుకు వద్దు. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో డై ఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన గ్లిజరిన్‌ను మందుగా తాగించడం వల్ల 14 మంది మరణించారు. దగ్గుకని ఇంట్లోని గ్లిజరిన్‌ను పిల్లల నోట్లో పోయకండి.

నిమ్మరసం కలపకండి. పగుళ్ళలో మంట పుడుతుంది, ఎండ తగిలితే నల్లమచ్చలు పడవచ్చు. పుండ్లు కడిగే పొటాషియం పర్మాంగనేట్‌ను గ్లిజరిన్‌కు దూరంగా ఉంచండి. రెండూ కలిస్తే అగ్గిపుల్ల గీయకుండానే మంటలు లేస్తాయి.

మధుమేహం ఉన్నవారు మడమలకు పూసుకోవచ్చు గాని కాలివేళ్ళ సందుల్లో పూయరాదు. పగుళ్ళలో రక్తం, చీము కనిపిస్తే ఇంటివైద్యం మాని డాక్టరును కలవండి.

ఇంకొక్క మాట. ఒళ్ళంతా బాగుండి, ఒక్కచోట మాత్రం పాలిపోయిన పొడి మచ్చ ఉందనుకోండి. అక్కడ తాకినా, గిచ్చినా తెలియకపోతే గ్లిజరిన్ పూస్తూ కాలయాపన చేయకండి. అది కుష్ఠువ్యాధి కావచ్చు. దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. త్వరగా వస్తే అంగవైకల్యం రాకుండా నయం చేయవచ్చు. సిగ్గుపడి దాచుకుంటేనే ముప్పు.