పులి జూదంలో పందెం లేదు

మన తెలుగులో పులి జూదమని ఒక ఆట ఉంది. 3 పులులు, 15 మేకలు. గుడి మండపంలో బండమీద గీతలు గీసుకుని, చింతగింజలతోనో గులకరాళ్లతోనో ఆడుకుంటారు. పులి మేకను దూకి చంపాలి. మేకలన్నీ ఒకటై పులిని కదలకుండా కట్టెయ్యాలి. పేరులో జూదం ఉన్నదేగాని ఇందులో కాణీ పందెం లేదు. సంస్కృతంలోని ద్యూతమే తెలుగులో జూదమయింది. ధర్మరాజు రాజ్యం పోగొట్టుకున్నదీ ఆ మాటతోనే, రచ్చబండమీద ముసలివాళ్లు పొద్దుపుచ్చేదీ ఆ మాటతోనే. భాషకు ఇంత ఉదారగుణం ఉంటే ముచ్చటగానే ఉంటుంది. చట్టానికి ఉంటేనే చిక్కు.

ఆ చిక్కు ఈమధ్య మా గోరంట్లకు కూడా వచ్చింది. మా కాలేజీలో చదివి, బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక కుర్రవాడు ఈ పులి జూదాన్నే సెల్‌ఫోనులో ఆడుకునేటట్లు తయారుచేస్తున్నాడు. డబ్బు ప్రసక్తే లేదు. అయినా వాళ్ల నాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "మావోడు ఫోన్లో జూదం తయారుచేస్తాండాడంట సార్. గవర్నమెంటోళ్లు ఆటలన్నీ నిలిపేసినారంట గదా! పోలీసోళ్లు ఇంటిమీదికొస్తే నేనేం జెప్పేది?" అన్నాడు.

నవ్వి ఊరుకోదగిన మాట కాదది. 2020 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వం దేశభద్రత పేరు చెప్పి పబ్జీతో సహా 118 యాప్‌లను ఒక్కమారే నిషేధించింది. పబ్జీ వేరు, పేకాట వేరు. పత్రికలు చదవని తండ్రికి అవన్నీ ఒక్కటే.

పైగా అదే వీధిలో ఇంకొక ఇంట్లో శనక్కాయలమ్మిన డబ్బు బ్యాంకులో వేసుకుంటే, కొడుకు దాన్ని ఫోనులో రమ్మీకి ధారపోశాడు. మా సీమలో వాన వస్తే పంట, పంట వస్తే డబ్బు. పోయిన డబ్బు మళ్లీ కంటబడాలంటే కనీసం ఏడాది ఆగాలి. ఆ తల్లి బ్యాంకు పుస్తకం చేతబట్టుకుని, "ఎవరు తీసుకున్నారు సార్?" అని అడిగింది. ఎదురుగా కూర్చుని ఆడినవాడైతే పేరు చెప్పవచ్చు. ఈ ఆటలో ఎదుటివాడికి మొహం లేదు.

ఒకే వీధిలో రెండు ఇళ్లు. ఒకచోట ఆట తయారుచేసేవాడు, ఇంకొకచోట ఆటకు బలైనవాడు. వీడిని కాపాడుతూ వాడిని బెదిరించకుండా ఉండటం ఎలాగన్నదే అసలు ప్రశ్న.

దీనికి సమాధానం మన సికింద్రాబాదులోనే దొరికింది. అక్కడ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిని పోలీసులు పట్టుకుంటే ఆ కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1967లో తీర్పు వచ్చింది. మూడు ముక్కలాట ఉత్త అదృష్టం. రమ్మీ అలాకాదు, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కనుక అది నేర్పుతో కూడిన ఆట అన్నారు న్యాయమూర్తులు. ఫోను రమ్మీ కంపెనీలు పుట్టిననాటినుంచీ ఈ మాటనే మంత్రంలాగా జపిస్తున్నాయి. రెండో మాట ఎవరూ ఎత్తరు. ఆ ఆటవల్ల ఇల్లో క్లబ్బో నడిపేవాడు లాభం తీస్తున్నాడని రుజువైతే నేరం నిలబడవచ్చునని కూడా ఆ తీర్పులోనే ఉంది. గృహస్థుకు కావలసింది ఆ రెండో మాట. ఆట నేర్పుదా, అదృష్టానిదా అన్నది పండితులు తేల్చుకోవచ్చు. ప్రతి పందెంలోనూ వాటా ఎవరి పెట్టెలో పడుతోందన్నదే మనం అడగాలి.

నేర్పున్న ఆటయినా డబ్బు పెట్టి ఆడితే నేరమేనని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించాయి. మన రాష్ట్రంలో ఆడించినవాడికి మొదటిసారి ఏడాది, ఆడినవాడికి ఆరునెలలు జైలన్నారు. గోతిలో పడ్డవాడికీ శిక్షే అన్నమాట! కర్ణాటకలో పెట్టిన నిషేధాన్ని 2022లో అక్కడి హైకోర్టు కొట్టివేసింది. మా ఊళ్లో బస్సెక్కితే గంటా గంటన్నరలో కర్ణాటక. ఇక్కడ జైలు, అక్కడ ఆట!

2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఇంతకన్న వివేకంగా ఉంది. డబ్బు పందేల ఆట నడిపేవాడికి 3 ఏళ్లదాకా జైలు, కోటి రూపాయలదాకా జరిమానా. దానికి ప్రకటనలు వేసేవారికి 2 ఏళ్లదాకా, 50 లక్షలదాకా. బ్యాంకులు ఆ చెల్లింపులు జరపకూడదు. ఆడి నష్టపోయినవాడికి మాత్రం శిక్ష లేదు. పందెంలేని ఆటలను ప్రోత్సహించాలని కూడా ఆ చట్టమే చెప్పింది. కంపెనీలు వెంటనే కోర్టులకెక్కాయనుకోండి, అది వేరే కథ.

ఇక మన కుర్రవాడి బాధ మరొకటి. ఆట తయారైతే చాలదు, ఫోనులోని దుకాణంలోకి ఎక్కాలి. ఆ దుకాణాల తాళంచెవి విదేశీ కంపెనీల చేతిలో ఉంది. చెల్లింపులన్నీ తన పద్ధతిలోనే జరగాలని యాప్ తయారీదారులను నిర్బంధించినందుకు గూగుల్‌కు 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ 936 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2025 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ దాన్ని సుమారు 216 కోట్లకు తగ్గించింది. తగ్గినా, దుకాణంవాడినీ అడగవచ్చునన్న ధైర్యం మిగిలింది. కోట్ల కంపెనీకి వకీళ్లుంటారు. రాత్రిళ్లు కూర్చుని ఒక్కడే ఆట తయారుచేసుకునేవాడికి ఎవరున్నారు?

అందుకే నా కోరిక చిన్నది. ఏది పందెపు ఆటో, ఏది కాదో నిర్ణయించటానికి కొత్త చట్టంలో అధికార సంస్థ ఏర్పాటు ఉంది. చిన్న తయారీదారు అడిగితే ఆ సంస్థ రుసుము లేకుండా, గడువులోపల, వాడి భాషలో రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ ఒక్క కాగితం ఇంట్లో ఉంటే తండ్రి నిశ్చింతగా నిద్రపోతాడు.

మనం చెయ్యవలసిందీ కొంత ఉంది. పిల్లవాడు ఫోనుతో ఆడుతున్నాడని కేకలు వేసేముందు, ఆ ఆట డబ్బు పందెం అడుగుతున్నదా అని ఒక్కసారి చూడండి. అడిగితే ఫోను లాక్కోండి. అడగకపోతే పక్కన కూర్చుని ఒక ఆట ఆడండి.