ఎవరిని లెక్కపెట్టారు?

మొన్న సాయంత్రం మా అయిదో తరగతి వాడు పుస్తకం పట్టుకొచ్చి వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మా, ఈ లెక్క తప్పిచ్చారు!"

లెక్క ఇదీ. 40 ఇళ్లలో సర్వే చేస్తే 25 ఇళ్లలో కాఫీ, 22 ఇళ్లలో టీ తాగుతారట. 3 ఇళ్లలో రెండూ తాగరు. రెండూ తాగే ఇళ్లెన్ని? వీడు అన్నీ కూడేసి 50 తెచ్చాడు. ఉన్నవే 40 అయితే 50 ఎలా వస్తాయని వాడి గొడవ.

"నాన్నకి కాఫీ, నాకు టీ. మరి మనిల్లు ఎందులో రాస్తావు?" అన్నాను.

"రెండింట్లోనూ... ఓ, మనిల్లు రెండుసార్లు లెక్కకొచ్చింది!"

అంతే. 40లో 3 పోతే 37. 25, 22 కలిపితే 47. ఎక్కువైన 10 ఇళ్లే జవాబు.

మన పిల్లలకి కూడికలు, తీసివేతలు రాక కాదండీ, ఆ అంకెలో ఎవరున్నారో అడగడం రాక ఇబ్బంది. అంకె కనబడగానే కూడేయడం నేర్పుతున్నాం, ఆగి అడగడం నేర్పడం లేదు. ఆ అలవాటు పెద్దయ్యాక కూడా పోదు.

మన సంగతే చూడండి. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా ఎవరి సమయం ఎలా గడుస్తోందో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని వచ్చింది. పిల్లల్ని, పెద్దల్ని చూసుకోవడం ఇందులో లేదు, అది వేరే లెక్క. "97 అంటే గంటన్నర, ఫర్వాలేదే" అనిపిస్తుంది కదా? నాకూ అనిపించింది.

కానీ అది ఆ రోజు ఇంటిపని చేసినవాళ్ల సగటు మాత్రమే. నూటికి సుమారు 26 మంది మగవాళ్లే చేశారు. ఆడవాళ్లలో సుమారు 81 మంది. 26ని 97తో హెచ్చవేసి వందమందికీ పంచితే మగవాడికి 25 నిమిషాలు. 81ని 299తో హెచ్చవేసి పంచితే ఆడదానికి 242. మూడు రెట్లనుకున్న తేడా దాదాపు పది రెట్లయింది! అంకెలేమీ మారలేదు, ఎవరిని లెక్కపెట్టారని అడిగామంతే.

అందుకే "నాకు లెక్కలు రావు, నాన్ననడుగు" అనకండి. ఈ ప్రశ్న అడగడానికి పెద్ద చదువులక్కర్లేదు.

ఈ లెక్క కూడా మావాడి చేతే చేయించాను. ఆ సర్వేలో ఆరేళ్లు నిండినవాళ్లందరూ ఉన్నారని చెబితే కాసేపు ఆలోచించి, "అయితే నేను 26లోనా, 74లోనా?" అన్నాడు.

"నువ్వే చెప్పు" అన్నాను. ఆ రాత్రి వాడి కంచం వాడే కడుక్కున్నాడు. వాళ్ల నాన్నగారు ఇంకా లెక్క చూసుకుంటున్నారు.