కీళ్లనొప్పుల చాటున కిడ్నీకి ముప్పు
వ్యాధులు జతకట్టితే ఒక్క పరీక్ష చాలదు

కొమురవెల్లి: వేళ్ల కీళ్లు ఉబ్బుతాయి. చెంపలపై ఎర్రని దద్దు వస్తుంది. ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి మాత్రలతో నెలలు గడుస్తాయి. ఆ మాత్రలు కూడా కిడ్నీకి చేటే. మూత్రంలో నురగ, కాళ్ల వాపు కనిపించేసరికి కిడ్నీలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి.

కిడ్నీ జబ్బు అనగానే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తొస్తుంది. కాదంటే షుగరు, బీపీ. శరీర రక్షణ వ్యవస్థే సొంత అవయవాలపై తిరగబడే జబ్బుల గురించి పల్లెల్లో తెలిసింది తక్కువ. వీటిలో ముఖ్యమైనది లూపస్. బాధితుల్లో పదింట తొమ్మిది మంది మహిళలే, అదీ పిల్లల్ని కనే వయసు వారు. వారిలో సుమారు నలభై శాతం మందికి అది కిడ్నీని తాకుతుంది.

అసలు చిక్కు ఒకే మనిషిలో రెండు వ్యాధులు చేరినప్పుడు. లూపస్‌కు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ తోడైతే కిడ్నీలోని సన్నని నాళాల్లో రక్తం గడ్డకడుతుంది. అక్కడ స్టెరాయిడ్ ఒక్కటే సరిపోదు, రక్తం పలుచబరిచే మందు కావాలి. షోగ్రెన్ వ్యాధిలో కిడ్నీ గొట్టాలు దెబ్బతిని పొటాషియం పడిపోతుంది. ఒక్కోసారి కాళ్లూచేతులూ చచ్చుబడతాయి. దాన్ని పక్షవాతమని పొరబడే ప్రమాదమూ ఉంది. కిడ్నీ వడపోత పొరపై దాడిచేసే యాంటీ జీబీఎం వ్యాధి అరుదైనదే. అయితే ఆ రోగుల్లో దాదాపు మూడోవంతు మందికి ఆంకా పరీక్ష కూడా పాజిటివ్‌గా వస్తుంది. మొదటిది సాధారణంగా తిరగబెట్టదు, రెండోది తిరగబెడుతుంది. ఇద్దరికీ ఒకే కాలం మందులిస్తే సరిపోదన్నమాట.

ఈ తేడాలు తేల్చేందుకు ఏఎన్‌ఏ, సీ3, సీ4, ఆంకా రక్తపరీక్షలతో పాటు చాలాసార్లు కిడ్నీ బయాప్సీ కావాలి. ఇందుకోసం రాజీవ్ రహదారి పట్టి నిమ్స్‌కో, ఉస్మానియాకో వెళ్లే కుటుంబానికి కూలి పోతుంది, చార్జీలు మీద పడతాయి. స్టెరాయిడ్లతో ముఖం ఉబ్బిందని మధ్యలోనే మందు మానేసే వారూ ఉన్నారు. అలా ఒక్కసారిగా ఆపడం ప్రాణం మీదికి తెస్తుంది.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో డయాలసిస్ ఉంది. తెలంగాణలో పథకం పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. కిడ్నీ పోయాక ఇచ్చే ఆసరా మంచిదే, పోకముందు చేసే పరీక్షపై ఆ శ్రద్ధ కానరాదు. మూత్రంలో ప్రొటీన్ చూసే స్ట్రిప్ ఖరీదు స్వల్పం. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాల్లో మల్లన్న జాతరకు జనం పోటెత్తుతారు. అప్పటి వైద్య శిబిరాల్లో, కీళ్లనొప్పులతో వచ్చే యువతులకైనా ఈ పరీక్ష చేయడం అసాధ్యమేమీ కాదు.